అయస్కాంతత్వం లేని చోట హాల్ ప్రభావం

భౌతికశాస్త్రం అభ్యసించే డిగ్రీ విద్యార్థికి హాల్ ప్రభావం రెండు పుటలలో ముగిసిపోయే పాఠం. పలుచని లోహపు రేకు గుండా విద్యుత్తును పంపి, ఆ రేకుకు లంబంగా అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగిస్తే, ప్రవహిస్తున్న ఎలక్ట్రానులు ఒక ప్రక్కకు ఒరుగుతాయి. తత్ఫలితంగా రేకు రెండు అంచుల మధ్య, ప్రవాహానికి అడ్డంగా, ఒక స్వల్పమైన వోల్టేజి ఏర్పడుతుంది. సూత్రం వ్రాసి, పటం గీసి, ఎలక్ట్రానుల సాంద్రతను లెక్కకట్టే విధానం చెబితే పరీక్షలో మార్కులు వస్తాయి. కాని ఆ రెండు పుటలకు నూట నలభై ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర గత పాతికేండ్లలో ఒక వింత మలుపు తిరిగింది. వెలుపల అయస్కాంత క్షేత్రం లేదు. పదార్థంలో నికరంగా మిగిలిన అయస్కాంతత్వం కూడా లేదు, ఉన్నా లేనట్లే. అయినా విద్యుత్తు ప్రక్కకు మళ్ళుతున్నది. మళ్ళించేది ఏది? ఆ మళ్ళింపు క్వాంటం నియమానికి లోబడి ఖచ్చితమైన మెట్లుగా నిలువగలదా? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

ఎడ్విన్ హాల్ 1879లో అమెరికాలోని బాల్టిమోరు నగరంలో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. మాక్స్‌వెల్ మహాశయుని విద్యుదయస్కాంత గ్రంథాన్ని చదువుతుండగా అందులోని ఒక మాట అతనికి మింగుడుపడలేదు. అయస్కాంతం త్రోసేది విద్యుత్తును మోస్తున్న వాహకాన్నే గాని, అందులోని ప్రవాహాన్ని కాదని ఆ గ్రంథం చెబుతున్నది. ప్రవాహం లేని తీగను అయస్కాంతం ముట్టుకోదు గదా, మరి త్రోయబడేది ప్రవాహం కాక తీగ ఎట్లా అవుతుందని హాల్ శంక. గురువు హెన్రీ రోలండ్‌ను అడిగితే, తనకూ ఆ సందేహమే ఉన్నదని, లోగడ తాను చేసిన ప్రయోగం ఫలించలేదని చెప్పాడు. శిష్యుడు ఈసారి గాజుపలకకు అంటించిన పలుచని బంగారు రేకును తీసుకున్నాడు. రేకు ఎంత పలుచనైతే అడ్డపు వోల్టేజి అంత పెద్దదవుతుంది. గాల్వనామీటరు ముల్లు కదిలింది. ఎలక్ట్రాను అనే కణం ఉన్నదని లోకానికి తెలియడానికి అప్పటికి ఇంకా పద్దెనిమిదేండ్ల వ్యవధి ఉన్నది!

హాల్ అక్కడితో ఆగలేదు. బంగారానికి బదులు ఇనుమును తీసుకొని చూడగా, ఈ ప్రభావం సుమారు పది రెట్లు అధికంగా కనిపించిందని 1881లో ప్రకటించాడు. ఇనుము తానే అయస్కాంతం కాగలిగిన లోహం. కనుక దానిలోని స్వంత అయస్కాంతత్వమే ఈ అదనపు మళ్ళింపునకు కారణమని అందరూ సహజంగా భావించారు. దీనికి అసంగత హాల్ ప్రభావం అని పేరు పెట్టి, అది పదార్థపు నికర అయస్కాంతీకరణకు అనులోమానుపాతంలో ఉంటుందని పాఠ్యగ్రంథాలు వ్రాసుకున్నాయి. 1954లో కార్ప్లస్, లట్టింజర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఈ మళ్ళింపునకు మూలం స్ఫటికంలో సంచరించే ఎలక్ట్రాను తరంగపు స్వభావంలోనే ఉన్నదని చూపారు. ఆ సిద్ధాంతపు లోతు చాలాకాలం ఎవరికీ సరిగా అందలేదు. నికర అయస్కాంతత్వం లేనిదే అసంగత హాల్ ప్రభావం లేదన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరక నిలిచింది.

ఈలోగా కథ మరొక దిక్కుకు నడిచింది. 1980 ఫిబ్రవరిలో ఫ్రాన్సు దేశంలోని గ్రెనోబుల్ నగరపు ప్రయోగశాలలో క్లౌస్ ఫాన్ క్లిట్సింగ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు, సిలికాన్ ట్రాన్సిస్టరులో ఒకే ఒక తలానికి బంధితమైన ఎలక్ట్రానులను పరీక్షిస్తున్నాడు. ఉష్ణోగ్రత పరమశూన్యానికి ఒకటిన్నర డిగ్రీలు పైన. అయస్కాంత క్షేత్రం 18 టెస్లాలు. ఎలక్ట్రానుల సంఖ్యను క్రమంగా మార్చుతూ పోతుంటే, హాల్ నిరోధం వాలుగా మారక, మెట్లు మెట్లుగా నిలబడింది. ఆ మెట్ల విలువలు 25,812.807 ఓములను 1, 2, 3, 4 వంటి పూర్ణాంకాలతో భాగించగా వచ్చే సంఖ్యలు. నమూనా పొడవు వెడల్పులతో గాని, అందులోని మాలిన్యాలతో గాని, దానిని తయారు చేసిన వారి చేతి నైపుణ్యంతో గాని ఆ సంఖ్యకు నిమిత్తం లేదు. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాను విద్యుదావేశపు వర్గంతో భాగించండి, వచ్చేది అదే. ఈ ఆవిష్కరణకు 1985లో నోబెల్ బహుమానం లభించింది. 1990 నుండి ప్రపంచ దేశాల ప్రమాణ ప్రయోగశాలలు ఓము విలువను ఈ విధంగానే నిలుపుకుంటున్నాయి. 2019 మే 20 నుండి ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాను ఆవేశం రెండూ నిర్వచనం చేతనే స్థిరమైనవి కనుక, ఈ నిరోధపు విలువలో ఇక అనిశ్చితి అనేదే లేదు.

ఇంతటి ఖచ్చితత్వానికి కారణం అంచులలో ఉన్నది. రేకు మధ్యభాగంలోని ఎలక్ట్రానులు అయస్కాంత క్షేత్రం వలన గానుగెద్దుల వలె ఉన్నచోటనే తిరుగుతూ ఉండిపోతాయి. అంచున ఉన్నవి మాత్రం పూర్తి చుట్టు తిరగలేక, అంచును తాకుతూ తాకుతూ ఒకే దిశలో ముందుకు సాగుతాయి. వాటికి వెనుకకు తిరిగే త్రోవ లేదు. త్రోవ లేదు గనుక మాలిన్యం అడ్డుపడినా ప్రక్క నుండి తప్పుకొని ముందుకే పోతాయి. వేడి రూపంలో శక్తి నష్టం కాదు. ఇటువంటి ఏకదిశా మార్గాలు ఎన్ని ఉన్నవన్నదే ఆ పూర్ణాంకం. మార్గాలు ఒకటి, రెండు, మూడు ఉండవచ్చు గాని ఒకటింబావు ఉండదు. 1982లో థౌలెస్, ఆయన సహచరులు దీనినే గణితంలో నిరూపించారు. స్తంభానికి చుట్టి రెండు కొసలూ ముడివేసిన తాడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించవచ్చు. తాడును లాగినా, వదులు చేసినా, స్తంభం నునుపైనా గరుకైనా ఆ లెక్క మారదు. ఎలక్ట్రాను తరంగాలలో దాగిన అటువంటి చుట్ల లెక్కే హాల్ నిరోధంలో బయటపడుతున్నదని వారి సిద్ధాంతపు సారాంశం.

అయితే దీనికి చెల్లించే మూల్యం పెద్దది. మన కళాశాల ప్రయోగశాలలోని రెసిస్టెన్స్ బాక్సు మీద వ్రాసి ఉన్న విలువను నమ్ముతున్నామంటే, అది ఎక్కడో ఒక ప్రమాణంతో, ఆ ప్రమాణం మరింత పై ప్రమాణంతో పోల్చబడినదన్న విశ్వాసంతోనే. ఆ పరంపరకు శిఖరాన ఉన్న పరికరానికి ద్రవ హీలియం కావాలి, అతివాహక తీగలతో చుట్టిన బలమైన అయస్కాంతం కావాలి. అవి ఉన్న చోట్లు ఏ దేశంలోనైనా వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినవే. ఆ పెద్ద అయస్కాంతం అక్కరలేకుండా అదే సంఖ్యను పొందగలిగితే? శక్తి నష్టం లేని ఆ అంచుమార్గాలను మామూలు పరికరాలలో వాడుకోగలిగితే? శాస్త్రజ్ఞులు ఇంతగా శ్రమిస్తున్నది ఈ ఆశ కొరకే.

1988లో హాల్డేన్ ఒక గణిత నమూనా ద్వారా, క్వాంటం హాల్ ప్రభావానికి నిజానికి వెలుపలి అయస్కాంత క్షేత్రం అవసరం లేదని చూపాడు. కావలసినదల్లా ఒక్కటే: సినిమా రీలును వెనుకకు త్రిప్పినట్లు కాలాన్ని వెనుకకు నడిపితే ఆ పదార్థం తన పూర్వరూపంలోనే కనిపించకూడదు. అయస్కాంతాలు సహజంగానే అట్టివి, కాలం వెనుకకు నడిస్తే వాటి ధ్రువాలు తారుమారవుతాయి. ఈ సూచన ఫలించడానికి పాతికేండ్లు పట్టింది. 2013లో చైనాలోని శింగ్హువా విశ్వవిద్యాలయంలో షుయే చీకున్ బృందం, క్రోమియం కలిపిన బిస్మత్–ఆంటిమొనీ టెల్యూరైడ్ పలుచని పొరలో, బయటి క్షేత్రం లేకుండానే 25,812 ఓముల మెట్టును చూచింది. కాని ఉష్ణోగ్రత? పరమశూన్యానికి డిగ్రీలో నూటికి మూడు వంతులు మాత్రమే పైన. పెద్ద అయస్కాంతం తొలగింది. దాని స్థానంలో అంతకంటే ఖరీదైన శీతలీకరణ యంత్రం వచ్చి కూర్చున్నది.

ఇక్కడ మన కథలోకి ప్రతిఫెర్రో అయస్కాంతాలు ప్రవేశిస్తాయి. ఇనుము వంటి ఫెర్రో అయస్కాంతంలో ప్రతి పరమాణువునూ ఒక చిన్న బాణంగా ఊహించుకుంటే, బాణాలన్నీ ఒకే దిక్కును చూపుతాయి. ప్రతిఫెర్రో అయస్కాంతంలో ఒక బాణం పైకి చూస్తే దాని పొరుగుది క్రిందికి చూస్తుంది. లోపల కట్టుదిట్టమైన క్రమం ఉన్నా, జమాఖర్చులు సరిపోయి వెలుపలికి శూన్యమే కనబడుతుంది. ఇనుపరజను కూడా దాని దగ్గరకు రాదు. ఈ పదార్థాల స్వరూపాన్ని కనిపెట్టిన లూయీ నీల్, 1970లో నోబెల్ బహుమానం స్వీకరించిన సందర్భపు ఉపన్యాసంలోనే, ఇవి సిద్ధాంతరీత్యా మిక్కిలి ఆసక్తికరమైనవే గాని వీటివలన ఉపయోగమేదీ కానరాదని అభిప్రాయపడ్డాడు. కన్నతండ్రే కొరగాని బిడ్డ అని తీర్పు చెప్పినట్లయింది.

ఇటువంటి పదార్థంలో హాల్ ప్రభావం శూన్యమని నమ్మడానికి బలమైన కారణమే ఉన్నది. బాణాలనన్నిటినీ తలక్రిందులు చేస్తే హాల్ వోల్టేజి గుర్తు మారాలి. ధనం ఋణం కావాలి. ఇది ఉల్లంఘించరాని నియమం. ఇప్పుడు పైకి, క్రిందికి, పైకి, క్రిందికి అని వరుసగా ఉన్న బాణాలను తలక్రిందులు చేయండి. క్రిందికి, పైకి, క్రిందికి, పైకి అని వస్తుంది. అది మొదటి వరుసనే ఒక్క అడుగు ప్రక్కకు జరిపినట్లున్నది గాని వేరొకటి కాదు. పదార్థాన్ని ఒక పరమాణువంత దూరం జరిపినందువలన దాని హాల్ వోల్టేజి మారదు గదా. ఒకవైపు గుర్తు మారాలి, మరొకవైపు విలువ మారరాదు. తన ఋణసంఖ్యకు తానే సమానమైన సంఖ్య సున్న ఒక్కటే. కనుక హాల్ ప్రభావం సున్న.

ఈ తర్కంలో దోషం లేదు. కాని బాణాలు ఎల్లప్పుడూ ఒకే గీత మీద పైకీ క్రిందికీ ఉండనక్కరలేదన్న సంగతి ఇందులో మరుగున పడింది. ముగ్గురిని త్రిభుజపు మూలలలో నిలిపి, ప్రతి ఒక్కరూ మిగిలిన ఇద్దరికీ వ్యతిరేకంగా ఉండాలని ఆజ్ఞాపిస్తే ఏమవుతుంది? మొదటివాడు పైకి, రెండవవాడు క్రిందికి; మూడవవాడు ఎటు చూచినా ఇద్దరిలో ఒకరితో ఏకీభవించక తప్పదు. చివరకు ముగ్గురూ రాజీపడి 120 డిగ్రీల ఎడంతో మూడు దిక్కులను పంచుకుంటారు. మొత్తం కూడితే శూన్యమే. ఇటువంటి త్రిభుజాలు మూలమూలనా కలిసి, నడుమ షడ్భుజాకారపు కన్నులు వదలిన అల్లికకు శాస్త్రజ్ఞులు ‘కగోమె’ అని పేరు పెట్టారు. అది జపానుభాషలో బుట్టకన్ను అని అర్థమిచ్చే మాట. మన మేదరులు వెదురుబద్దలతో ఎడం ఎడంగా అల్లే ఆరుపలకల కన్నుల గంపను తలచుకుంటే చాలు, ఆ జాలకం కళ్ళకు కడుతుంది.

మూడు మాంగనీస్ పరమాణువులకు ఒక తగరపు పరమాణువు చొప్పున ఉండే సమ్మేళనంలో మాంగనీస్ పరమాణువులు సరిగ్గా ఈ అల్లికలో, పొర మీద పొరగా పేర్చబడి ఉంటాయి. 420 కెల్విన్ల లోపు, అంటే మన గది ఉష్ణోగ్రతలో కూడా, వాటి బాణాలు 120 డిగ్రీల క్రమాన్ని పాటిస్తాయి. ఒక్కొక్క మాంగనీస్ పరమాణువు బలంలో నికరంగా మిగిలేది వెయ్యింట ఒక వంతు మాత్రమే. ఇటువంటి మూడు దిక్కుల ప్రతిఫెర్రో అయస్కాంతంలో అసంగత హాల్ ప్రభావం ఉండి తీరాలని 2014లో చెన్, న్యూ, మక్డోనాల్డ్ లెక్కకట్టి చెప్పారు. 2015లో టోక్యో విశ్వవిద్యాలయపు సతోరు నకత్సుజి బృందం ఈ తగరపు సమ్మేళనంలో గది ఉష్ణోగ్రతలోనే దానిని కొలిచింది. కొన్ని వందల గాస్‌ల క్షేత్రం చూపి తీసివేస్తే చాలు, మళ్ళింపు కుడి నుండి ఎడమకు, ఎడమ నుండి కుడికి మారుతున్నది. మరుసటి ఏడు తగరానికి బదులు జెర్మేనియం ఉన్న సమ్మేళనంలోనూ ఇదే కనబడింది. నూట ముప్పది ఏండ్లుగా పాఠ్యగ్రంథాలలో స్థిరపడిన అనుపాత నియమం ఆ కొలతలతో కూలిపోయింది.

అయినా ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఈ మూడు బాణాలూ ఒకే తలంలో ఉన్నాయి. వాటిని తలక్రిందులు చేయడమంటే, ఆ తలంలోనే ఒక్కొక్కదానిని సగం చుట్టు త్రిప్పడమే. బాణాలకూ స్ఫటికానికీ సంబంధమే లేకపోతే, అట్లా త్రిప్పినందువలన ఎలక్ట్రానుకు తేడా తెలియదు, హాల్ ప్రభావం మరల సున్న అవుతుంది. అట్లా కాకుండా కాపాడేది స్పిన్ కక్ష్యా బంధం. అంటే బాణం దిశను స్ఫటికపు దిశలకు ముడివేసే సూక్ష్మమైన ప్రభావం. ఆ ముడి లేకుండా, బాణాల అమరికే స్వయంగా విద్యుత్తును మళ్ళించగలదా? మళ్ళించగలదు, కాని దానికి బాణాలు తలాన్ని వదలి పైకి లేవాలి.

గాలికి సగం విచ్చుకున్న గొడుగు కమ్ములను ఊహించండి. మూడు కమ్ములు మూడు దిక్కులకు పోతూనే కొంత పైకి కూడా లేచి ఉన్నాయి. ఇటువంటి మూడు బాణాలకు ఇంటర్మీడియట్ గణితంలో మనం చదివిన అదిశా త్రిక లబ్ధం శూన్యం కాదు; మూడూ కలిసి కొంత ఘనపరిమాణాన్ని చుట్టుముడతాయి. ఒకటి, రెండు, మూడు అని వరుసగా పోతే సవ్యదిశలో తిరుగుతున్నామా, అపసవ్యదిశలో తిరుగుతున్నామా అన్నదాన్ని బట్టి ఆ లబ్ధం ధనమో ఋణమో అవుతుంది. ఈ గుణాన్నే కైరాలిటీ అంటారు. చేతిని బట్టి వచ్చిన మాట కనుక ‘చేతివాటం’ అందామా అంటే, మన భాషలో ఆ పదం ఇదివరకే వేరొక విద్యకు స్థిరపడిపోయింది! కనుక సవ్యాపసవ్యత అనుకోవడమే క్షేమం. ఈ సంచికనే చూడండి: తెలుగు పుటలు ఎడమ నుండి కుడికి, ఉర్దూ పుటలు కుడి నుండి ఎడమకు నడుస్తాయి. తెలుగు పుటను అద్దంలో చూపితే వరుసలు ఉర్దూ వలె కుడి నుండి ఎడమకు సాగినట్లు కనిపిస్తాయి. పుటను బల్లమీద ఎన్ని విధాల జరిపినా, త్రిప్పినా ఆ అద్దపు బింబంతో కలియదు. సవ్యాపసవ్యత గల బాణాల అమరిక కూడా అంతే. బాణాలన్నిటినీ తలక్రిందులు చేస్తే త్రిక లబ్ధం గుర్తు మారుతుంది. జరిపి గాని, త్రిప్పి గాని దానిని యథాస్థితికి తేలేము. సున్న అని తేల్చిన పాత తర్కం ఇక్కడ చెల్లదు.

ఎలక్ట్రానుకు ఈ సంగతి ఎట్లా తెలుస్తుంది? దీనికి భూగోళం సహాయం తీసుకుందాం. ఒక మనిషి ఉత్తర ధ్రువం వద్ద చేతిలో ఈటె పట్టుకొని, దానిని ముందుకు చాచి, నెల్లూరు, ఒంగోలుల ప్రాంతం మీదుగా పోయే 80 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట భూమధ్యరేఖ దాకా నడిచాడు. నడుమ సముద్రాలున్నవని ఆక్షేపించకండి. అక్కడ ఈటెను ఏమాత్రం త్రిప్పకుండా, దక్షిణానికే చూపుతూ, భూమధ్యరేఖ వెంట పడమరకు 90 డిగ్రీలు నడిచాడు. అక్కడి నుండి, ఈటె వెనుకకు చూస్తూ ఉండగా, తిరిగి ధ్రువం చేరుకున్నాడు. దారిలో ఎక్కడా అతడు ఈటెను త్రిప్పలేదు. కాని బయలుదేరినప్పటి దిశతో పోలిస్తే అది 90 డిగ్రీలు తిరిగి ఉన్నది! ఆ మలుపు అతని చేతిలో లేదు, నడిచిన గోళపు వంపులో ఉన్నది. చుట్టివచ్చిన ప్రదేశం గోళకేంద్రం వద్ద ఎంత ఘనకోణాన్ని ఆక్రమిస్తుందో, ఈటె అంత తిరుగుతుంది.

పొర మీద ప్రయాణించే ఎలక్ట్రాను తన స్పిన్‌ను ఎదురైన ప్రతి పరమాణువు బాణానికీ అనుగుణంగా మళ్ళించుకుంటుంది. మూడు పరమాణువులను చుట్టి బయలుదేరిన చోటికి వచ్చేసరికి, దాని తరంగపు దశ కొంత మారి ఉంటుంది. ఆ మార్పు మూడు బాణాలు ఆక్రమించిన ఘనకోణంలో సరిగ్గా సగం. ఈ రకపు జ్యామితీయ దశను 1984లో మైకేల్ బెర్రీ సర్వసామాన్య సూత్రంగా వివరించాడు. అయితే కాంతి ధ్రువణం విషయంలో ఇదే సత్యాన్ని, ఘనకోణంలో సగమన్న లెక్కతో సహా, 1956లోనే బెంగుళూరులో పంచరత్నం అనే యువకుడు కనుగొన్నాడు. ఆయన సర్ సి.వి. రామన్‌కు మేనల్లుడు, అప్పటి వయస్సు ఇరవై రెండేండ్లు. ఆ వ్యాసం ముప్పది ఏండ్లు దాదాపు మరుగున ఉండిపోగా, 1986లో రామశేషన్, రాజారాం నిత్యానంద దానిని గుర్తుచేశారు. అప్పటికి పంచరత్నం లేడు, 1969లోనే కన్నుమూశాడు. మన దేశపు పత్రికలో అచ్చయిన ఆ చిన్న వ్యాసం నేటి పదార్థశాస్త్రానికి ఎంత దగ్గరి బంధువో విద్యార్థులకు చెప్పవలసిన బాధ్యత అధ్యాపకులది.

ఎలక్ట్రాను దృష్టిలో అయస్కాంత క్షేత్రమన్నా, చుట్టివచ్చినప్పుడు కలిగే దశామార్పు అన్నా ఒక్కటే. కనుక సవ్యాపసవ్యత గల బాణాల నడుమ సంచరించే ఎలక్ట్రాను, లేని క్షేత్రాన్ని ఉన్నట్లే అనుభవిస్తుంది. ఎంత క్షేత్రం? త్రిభుజాలతో నిండిన జాలకంలో నాలుగు రకాల బాణాలు, సమచతుర్ముఖి నాలుగు శిఖరాల వైపు చూస్తున్నట్లు అమరినవనుకుందాం. కూడితే శూన్యం. ప్రతి చిన్న త్రిభుజమూ గోళంలో నాలుగవ వంతును ఆక్రమిస్తుంది. దశ పావు చుట్టు మారుతుంది. పరమాణువుల మధ్య దూరం 0.57 నానోమీటర్లుగా తీసుకొని లెక్కవేస్తే, అంతటి దశామార్పునకు నిజమైన అయస్కాంతం 7,000 టెస్లాలకు పైగా కావలసి ఉంటుంది. క్లిట్సింగ్ వాడినది 18. నిలకడగా నిలిపి ఉంచగలిగిన ప్రయోగశాలా క్షేత్రాలు యాభై టెస్లాలకు లోపే. సాధ్యం కాని ఆ క్షేత్రం, ఒక అయస్కాంతం కాని అయస్కాంతంలో ఉచితంగా దొరుకుతున్నదన్నమాట.

ఈ చతుర్ముఖ క్రమం త్రిభుజ జాలకంలో దానంతట అదే ఏర్పడగలదని, అప్పుడు క్వాంటం హాల్ ప్రభావం స్వయంసిద్ధంగా రావాలని 2008లో మార్టిన్, బాటిస్టా చూపారు. అది కాగితం మీది నమూనా. 2016లో చైనా, తైవానుల శాస్త్రజ్ఞులు నిజమైన పదార్థాన్నే పేరు పెట్టి చెప్పారు. అది పొటాషియం రోడియం ఆక్సైడ్. రోడియం ఆక్సైడ్ పొరల మధ్య, ప్రతి రెండు రోడియం పరమాణువులకు ఒకటి చొప్పున పొటాషియం చేరిన పొరల స్ఫటికం ఇది. వారి లెక్క ప్రకారం అందులో బాణాలు తలాన్ని వదలి లేచిన సవ్యాపసవ్య ప్రతిఫెర్రో క్రమంలో ఉంటాయి. లోపలి భాగం బంధకంగా ఉండి, హాల్ వాహకత్వం పూర్ణాంకాలలో నిలుస్తుంది. నికర అయస్కాంతత్వం గాని, స్పిన్ కక్ష్యా బంధం గాని దానికి అవసరం లేదు. ఆ క్రమం కొన్ని పదుల కెల్విన్ల వరకు చెదరకుండా ఉంటుంది. డిగ్రీలో నూటికి మూడు వంతులతో పోలిస్తే కొన్ని పదుల కెల్విన్లు అంటే ఎండాకాలమే!

గణన వేరు, కొలత వేరు. కొలతకు దొరికినవి మరొక జాతి పొరల పదార్థాలు. టాంటలం సల్ఫైడ్, నియోబియం సల్ఫైడ్ పొరల సందులలో కోబాల్టు పరమాణువులను జొప్పిస్తే, అవి త్రిభుజ జాలకంగా సర్దుకుంటాయి. నియోబియం రకంలో, నికర అయస్కాంతత్వం అత్యల్పమే అయినా హాల్ ప్రభావం చాలా పెద్దదిగా ఉన్నదని 2018లో తెలిసింది. కారణం మాత్రం అప్పుడు తేలలేదు. 2023లో జపాను, కొరియా బృందాలు వేర్వేరుగా న్యూట్రాన్ కిరణాలతో పరీక్షించి, ఇది చతుర్ముఖ క్రమమేనని నిర్ధారించాయి. టాంటలం రకం చెప్పే సాక్ష్యం మరీ ముచ్చటైనది. 38 కెల్విన్ల వద్ద బాణాలు మొదట ఒకే గీత మీద, పైకీ క్రిందికీ చూసే పాత పద్ధతిలో క్రమపడతాయి; అప్పుడు హాల్ ప్రభావం లేదు. మరింత చల్లబరచి 26.5 కెల్విన్లు దాటగానే అవి చతుర్ముఖంగా విచ్చుకుంటాయి; ఆ క్షణాన హాల్ వోల్టేజి పుట్టుకువస్తుంది. అదే స్ఫటికం, అవే పరమాణువులు. మారినది బాణాల జ్యామితి ఒక్కటే. దీనికి మించిన వాంగ్మూలం ఏమి కావాలి?

ఇంత ఉన్నా ఈ కోబాల్టు పదార్థాలు లోహాలు. లోపలి భాగంలో కూడా విద్యుత్తు స్వేచ్ఛగా పారుతుంది గనుక, అంచుమార్గాల లెక్క అందులో కలిసి కరిగిపోతుంది, మెట్టు కనబడదు. మెట్టు కనబడిన పొరల ప్రతిఫెర్రో అయస్కాంతం ఒకటి లేకపోలేదు. అది మాంగనీస్ బిస్మత్ టెల్యూరైడ్. 2020లో చైనా శాస్త్రజ్ఞులు దానిని అయిదు పొరల మందానికి ఒలిచి, వెలుపలి క్షేత్రం లేకుండా 1.4 కెల్విన్ల వద్ద మెట్టును చేరుకున్నారు. కాని దాని మర్మం వేరు. ఒక్కొక్క పొరలో బాణాలన్నీ ఒకే వైపు, పై పొరలో ఎదురువైపు. పొరల సంఖ్య బేసి అయితే ఒక పొర జతలేకుండా మిగులుతుంది. అంటే అక్కడ పనిచేసేది మిగిలిపోయిన అయస్కాంతత్వమూ, స్పిన్ కక్ష్యా బంధమూను, సవ్యాపసవ్యత కాదు. ఈ రెంటినీ ఒకే గాటకు కట్టివేయడం కొన్ని ప్రజాదరణ వ్యాసాలలో కనబడుతున్నది, అది సరికాదు.

సవ్యాపసవ్య మార్గంలో చిక్కులు ఇంకా ఉన్నాయి. సవ్య అమరికకు, అపసవ్య అమరికకు శక్తిలో తేడా లేదు. కనుక చల్లబరచిన స్ఫటికంలో కొంత భాగం సవ్యంగా, మరికొంత అపసవ్యంగా క్రమపడి, ఒకదాని హాల్ వోల్టేజిని మరొకటి రద్దు చేయవచ్చు. కోబాల్టు పదార్థాలలో స్వల్పమైన క్షేత్రంతో చల్లబరచి ఒక పక్షాన్ని గెలిపిస్తున్నారు. పొటాషియం, కోబాల్టు వంటి చొప్పించిన పరమాణువుల పాళ్ళు ఏ కొంచెం తప్పినా ఎలక్ట్రానుల సంఖ్య మారి, బంధకం కావలసినది లోహమవుతుంది. పాళ్ళ విషయంలో వంటవానికి ఉండే వెసులుబాటు స్ఫటికాలు పెంచే వానికి లేదు.

పొటాషియం రోడియం ఆక్సైడ్ వంటి పదార్థంలో ఆ లెక్క నిజమైతే అది ఎట్లా తెలుస్తుందో మాత్రం స్పష్టమే. వెలుపలి క్షేత్రాన్ని సున్నకు తెచ్చి, అడ్డంగా కొలిచిన నిరోధం 25,812.807 ఓములలో ఒక పూర్ణాంకపు భాగం వద్ద నిలిచిపోవాలి. పొరల సంఖ్య పెరిగిన కొద్దీ, ప్రతి పొరా తన వంతు మార్గాలను కలుపుతుంది గనుక, ఆ భాగం మెట్టు మెట్టుగా తగ్గాలి. అదే సమయంలో ప్రవాహం వెంట నిలువుగా కొలిచిన వోల్టేజి మాయం కావాలి. ఈ రెండింటిలో ఒకటి కనబడి మరొకటి కనబడకపోతే, క్లిట్సింగ్ చూచిన దృశ్యం అది కాదు.